బొగ్గు వేస్తే రంగు పోతుందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో ఎవరికో జవాబు చెబుతూ, పల్లి పొట్టును కాల్చిన బొగ్గు అద్దకం నీళ్లలోని రంగును పట్టుకుంటుందని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. దానికే ఇన్ని ఉత్తరాలు. గట్టుప్పల్, పుట్టపాక, చండూరు, పాలమూరు, ఆఖరికి మిర్యాలగూడ రైస్ మిల్లు నుంచి కూడా. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాను, పొడుగువాటిని కత్తిరించాను, కోపగించుకోకండి.

ప్రశ్న: ఇంట్లోనే నూలుకు రంగులద్దుతం. మీరు రాసింది చదివి పల్లి పొట్టు తెచ్చి రేకు డబ్బాలో కాల్చి, దంచి, రంగు నీళ్లల్ల వేసినం. ఒక గోలెంలో నీళ్లు తేటగైనయ్. పక్క గోలెంలో రంగు పోలే, పైగా నల్లగైనయ్. ఒకటే బొగ్గు కదా, ఎందుకిట్ల? (గట్టుప్పల్)

జవాబు: అన్నా, ఏ గోలెంలో ఏ రంగు ఉందో మీరు రాయలేదు కానీ ఊహించగలను. తేటగా అయినదాంట్లో పట్టుకు వేసే యాసిడ్ రంగో, లేకపోతే హైడ్రోస్ (రంగును నీళ్లలో కరిగించే పొడి, సోడియం హైడ్రోసల్ఫైట్), కాస్టిక్ సోడా వేసి అద్దే వ్యాట్ రంగో ఉండి ఉంటుంది. మారనిదాంట్లో ఉప్పు, సోడా యాష్ వేసి అద్దే రియాక్టివ్ రంగు. బొగ్గు ఒకటే అయినా రంగులు ఒక జాతివి కావు, గొడవంతా అక్కడే ఉంది.

వ్యాట్ రంగు నూలులోకి దిగాక గాలి తగిలి మళ్లీ కరగని రూపానికి మారుతుంది. నీళ్లలో మిగిలింది కూడా అంతే, సన్నని నలుసులుగా తేలుతుంటుంది. దానికి బొగ్గు కూడా అక్కర్లేదు, పటిక వేసి రాత్రంతా కదపకుండా ఉంచితే చాలావరకు అడుక్కి దిగిపోతుంది. రియాక్టివ్ రంగు అలా కాదు. నూలును పట్టుకుంటే మళ్లీ వదలదు, కానీ నూలును అందుకోలేకపోయిన రంగు నీళ్లతోనే కలిసి పాడైపోయి, ఇక నూలుకు పనికిరాక, అడుక్కి దిగక, అందులోనే కరిగి ఉండిపోతుంది. తొట్టిలో వేసిన రంగులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా, కొన్ని షేడ్లలో ఇంకా ఎక్కువే, ఇలా మోరి పాలవుతుంది. మీరు డబ్బు పెట్టి కొన్న రంగే అది.

ఇక బొగ్గు సంగతి. బొగ్గు రంగును తినదు, విరగ్గొట్టదు, తన ఒంటికి అతికించుకుంటుంది, అంతే. కాబట్టి దాని లోపల ఎంత చోటుందన్నదే లెక్క. ఫ్యాక్టరీలో 800, 900 డిగ్రీల వేడిలో ఆవిరి పట్టించి చేసిన మంచి యాక్టివేటెడ్ కార్బన్ ఒక్క గ్రాము తీసుకుని, దాని రంధ్రాల లోపలి గోడలన్నీ పరిచినట్టు లెక్కేస్తే 500 నుంచి 1500 చదరపు మీటర్లు వస్తాయి. వెయ్యి చదరపు మీటర్లంటే మన లెక్కలో దాదాపు పది గుంటలు, అంటే ఒక గ్రాములో పావెకరం. మీరు రేకు డబ్బాలో కాల్చిన పొట్టులో అంత చోటు ఉండదు, కాలేటప్పుడు వచ్చిన తారు సగం రంధ్రాలకు అడ్డం పడి ఉంటుంది. అలాగని అది పనికిరాదని కాదు, అదే పనికి ఎక్కువ బొగ్గు పడుతుంది. నీళ్లు నల్లగా అవడానికి కారణం మరీ మెత్తగా దంచడం. పిండిలాంటి బొగ్గు దిగదు, గుడ్డలోంచి కూడా జారిపోతుంది. ఇసుక రవ్వంత పలుకులు ఉంచుకుని, పిండిని జల్లించి తీసేసి, మంచినీళ్లతో రెండుమూడు సార్లు కడిగి వాడండి.

చోటు ఉంటే సరిపోదు, అతుక్కోవాలి కూడా. యాసిడ్ రంగులు, రియాక్టివ్ రంగులు రెండూ నీళ్లలో రుణావేశంతో (మైనస్ విద్యుదావేశంతో) ఉంటాయి. పొట్టు, ఊక, రంపపు పొట్టు లాంటివాటి ఒంటిమీద కూడా, నీళ్లలో క్షారం ఎక్కువైనప్పుడు, రుణావేశమే ఉంటుంది. రెండూ ఒకటే కాబట్టి దూరం తోసుకుంటాయి. పట్టు అద్దకం నీళ్లు పుల్లగా ఉంటాయి, అక్కడ బొగ్గు రంగును దగ్గరికి తీసుకుంటుంది. రియాక్టివ్ నీళ్లలో సోడా యాష్ వల్ల పీహెచ్ (పులుపు, క్షారం కొలిచే అంకె, 7 కన్నా తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం) 11 దాకా ఉంటుంది, అక్కడ ఎంత బొగ్గు పోసినా అంతంతమాత్రమే. అందుకని ముందు పీహెచ్‌ని 7 దగ్గరికో, ఇంకొంచెం కిందికో తేవాలి. పీహెచ్ కాగితాలు ల్యాబ్ సామాన్ల దుకాణంలో దొరుకుతాయి, పెద్ద ఖర్చేమీ కాదు. పట్టు నీళ్లు, నూలు అద్దిన రియాక్టివ్ నీళ్లు ఒకే తొట్టిలో ఒక రోజు నిల్వ ఉంచితే పులుపు, క్షారం ఒకదాన్నొకటి కొంత తగ్గించుకుంటాయి. అప్పుడు యాసిడ్ కొనే ఖర్చు కూడా తగ్గుతుంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. సల్ఫర్ రంగుల నీళ్లలో ఎట్టి పరిస్థితిలోనూ యాసిడ్ పోయకండి, హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ వస్తుంది, మూసిన గదిలో అది మనిషిని చంపేస్తుంది. హైడ్రోస్ మిగిలి ఉన్న వ్యాట్ నీళ్లలో యాసిడ్ పోస్తే గంధకం కాల్చినప్పటి ఘాటు వాయువు, సల్ఫర్ డయాక్సైడ్, లేస్తుంది. ఈ రెండు రకాల నీళ్లను విడిగా ఉంచండి, పట్టు నీళ్లతో కూడా కలపొద్దు. మిగతావాటికైనా యాసిడ్‌ను నీళ్లలోకి కొద్దికొద్దిగా పోయాలి, నీళ్లను యాసిడ్‌లోకి కాదు, అదీ ఆరుబయట.

వరస ఏమిటంటే, ముందు తొట్టిలో నిల్వ, తర్వాత పీహెచ్ సరిచేయడం, ఆ తర్వాత పటికో, ఫెర్రస్ సల్ఫేట్ సున్నం కలిపో వేసి అడుక్కి దించడం, పైనున్న తేట నీళ్లను ఇసుకలోంచి పంపి, అన్నిటికన్నా చివర బొగ్గు డ్రమ్ములోంచి మెల్లగా వదలడం. బొగ్గు ఖరీదైన సరుకు, దాన్ని మొదటే పెడితే పటికతో పోయే మురికంతా దాని నెత్తిన పడి రెండు రోజుల్లో మూసుకుపోతుంది. ఎంత బొగ్గు కావాలో తెలియాలంటే నాలుగు తెల్ల సీసాల్లో ఒక్కో లీటరు నీళ్లు తీసుకుని, ఒకదాంట్లో ఒక గ్రాము, తర్వాతవాటిలో రెండు, ఐదు, పది గ్రాములు వేసి అరగంట కుదిపి, దిగనిచ్చి, వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి. లీటరులో ఒక్క మిల్లీగ్రాము రంగున్నా చాలా రంగులు కంటికి తెలిసిపోతాయి, కాబట్టి కళ్లే మంచి పరికరం.

ఉప్పు మాత్రం ఇలా పోదు. రియాక్టివ్ అద్దకానికి లీటరుకు 30 నుంచి 80 గ్రాముల ఉప్పు వేస్తారు, ముదురు రంగులకు ఇంకా ఎక్కువ. బొగ్గు ఆ ఉప్పులో ఒక్క చిటికెడు కూడా పట్టుకోదు. తేటగా ఉన్నాయని బావి పక్కన వదిలితే నాలుగేళ్లకు బోరు ఉప్పగా అవుతుంది. తిరుప్పూర్‌లో 2011లో మద్రాస్ హైకోర్టు వందల అద్దకం యూనిట్లను మూయించిన వెనక ఈ ఉప్పు, ఈ రంగు రెండూ ఉన్నాయి. ఆ తర్వాత వాళ్లు ఆర్వో, నీళ్లను ఆవిరి చేసి ఉప్పును విడదీసే యంత్రాలు పెట్టుకుని నీళ్లను తిరిగి వాడుకుంటున్నారు. ఒక్క ఇంటికి అది అయ్యే పని కాదు, పది పదిహేను ఇళ్లు కలిసి ఒక తొట్టి పెట్టుకుంటే తప్ప. ముందుగా ఉప్పు తక్కువ తీసుకునే రంగులు ఏమున్నాయో మీ డీలర్‌ని అడగండి, చాలామంది అడగనే అడగరు.

ప్రశ్న: ఇంత తిప్పలెందుకు? రంగు నీళ్లలో బ్లీచింగ్ పొడి వేస్తే ఐదు నిమిషాల్లో తెల్లగా అవుతున్నయి. మేమదే చేస్తున్నం. (పోచంపల్లి దగ్గరి ఊరు)

జవాబు: తెల్లగా అవుతాయి, నిజమే. కానీ రంగు పోవడం వేరు, రంగు కనపడకపోవడం వేరు. ఇప్పుడు వాడే రంగుల్లో ఎక్కువ భాగం అజో రంగులు, వాటి మధ్యలో రెండు నత్రజని పరమాణువుల వంతెన ఉంటుంది, రంగంతా దాని చలవే. బ్లీచింగ్ ఆ వంతెనను తెంపుతుంది. ఇటు ముక్క, అటు ముక్క నీళ్లలోనే ఉంటాయి, వాటికి క్లోరిన్ కూడా తగులుకుంటుంది. హైడ్రోస్‌తో రంగు తీసేసినా ఇదే కథ, అక్కడ మిగిలేవి అరోమాటిక్ ఎమీన్లు అనే రసాయనాలు, వాటిలో కొన్ని కేన్సర్ తెచ్చేవి. అలాంటి ఎమీన్లుగా విడిపోయే రంగులనే మన కేంద్ర ప్రభుత్వం 1993లో 42, 1997లో 70 నిషేధించింది. రంగు కళ్లకు కనిపిస్తున్నంతసేపు కనీసం పశువును అటు పోనివ్వం. తెల్లగా అయ్యాక ఆ జాగ్రత్త కూడా పోతుంది.

పట్టు అద్దిన పుల్లటి నీళ్లలో బ్లీచింగ్ వేస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. కళ్లమంట, దగ్గు వచ్చాయని అనుకుంటూ అక్కడే నిలబడే పని కాదు అది, వెంటనే ఆ గది దాటి బయటికి రావాలి.

ప్రశ్న: నేను మహబూబ్‌నగర్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. సీతాఫలం తొక్కల పొడితో నీళ్లలోంచి మిథిలీన్ బ్లూ అనే నీలి రంగును తొలగించడం నా ప్రాజెక్టు. వంద మిల్లీలీటర్ల ద్రావణం, లీటరుకు 50 మిల్లీగ్రాముల రంగు, 0.2 గ్రాముల పొడి, 98 శాతం వచ్చింది. కానీ నిజమైన అద్దకం నీళ్లతో చేస్తే 20 శాతం కూడా రావడం లేదు. అది రాయొద్దని, మిథిలీన్ బ్లూ వరకే రాసి ముగించమని కాలేజీలో అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. (పేరు వద్దన్నారు)

జవాబు: చెల్లె, టెన్షన్ వద్దు, ఆ 20 శాతమే నీ ప్రాజెక్టులో చదవదగ్గ భాగం. రెండూ రాయి.

మిథిలీన్ బ్లూ అందరికీ ఎందుకిష్టమంటే అది ధనావేశపు (ప్లస్) రంగు, చిన్న అణువు, అణుభారం 320. సీతాఫలం తొక్కో, వేపాకో, చింత గింజల పొట్టో, మొక్క నుంచి వచ్చిన దేనిమీదైనా ఉండే రుణావేశం దాన్ని లాగేసుకుంటుంది. దాదాపు ఏ చెత్త తెచ్చి వేసినా 90 దాటుతుంది, అందుకే ప్రతి కాలేజీలో ప్రతి ఏడాది ఇదే ప్రాజెక్టు! కానీ మన జిల్లాల్లో నూలుకు మిథిలీన్ బ్లూ ఎవరూ వేయరు. వేసేది రియాక్టివ్, వ్యాట్, యాసిడ్ రంగులు. రియాక్టివ్ బ్లాక్ 5 తీసుకుంటే అణుభారం 990 దాటుతుంది, రుణావేశం, పైగా దాంతోపాటు నీళ్లలో ఉప్పు, సోడా, సబ్బు. అది సన్నని రంధ్రాల్లోకి దూరదు, దానికి 2 నానోమీటర్ల కన్నా వెడల్పైన దారులు కావాలి. నీ పొడి పాడైంది కాదు, దానికి తెలియని పని అప్పజెప్పావు.

శాతాలు పక్కన పెట్టి, గ్రాము పొడి ఎన్ని మిల్లీగ్రాముల రంగు పట్టుకుందో రాయి. నీ లెక్కలో వంద మిల్లీలీటర్లలో 5 మిల్లీగ్రాముల రంగు ఉంది, 98 శాతం అంటే 4.9, దాన్ని 0.2తో భాగిస్తే గ్రాముకు 24.5. ఇప్పుడు అదే ద్రావణంలో ఒక గ్రాము పొడి వేస్తే 99 శాతం వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ గ్రాముకు 5 కూడా రాదు. శాతం పెంచడం చాలా తేలిక, పొడి ఇంకాస్త పోస్తే చాలు. అద్దకం చేసేవాళ్లకు కావలసిన లెక్క ఇంకోటి. వెయ్యి లీటర్ల నీళ్లలో లీటరుకు వంద మిల్లీగ్రాముల రంగుంటే మొత్తం వంద గ్రాములు. గ్రాముకు 24.5 చొప్పున నాలుగు కిలోల పొడి, 5 చొప్పున 20 కిలోలు. రోజూ 20 కిలోల తడి చెత్తను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న దాంతోపాటే వస్తుంది.

కొన్ని తప్పులు దాదాపు ప్రతి రిపోర్టులో కనిపిస్తాయి కాబట్టి ముందే చెబుతున్నా. పొడి లేకుండా ఒక ఖాళీ పరీక్ష, రంగు లేకుండా పొడి మాత్రమే వేసిన పరీక్ష ఒకటి, రెండూ చేయి. కాల్చని తొక్కల పొడి టానిన్ అనే గోధుమరంగు వగరు పదార్థాన్ని నీళ్లలోకి వదులుతుంది, నువ్వు ఒక రంగు తీసి ఇంకో రంగు కలుపుతున్నావేమో చూసుకోవాలి కదా. వడపోత కాగితం కూడా మిథిలీన్ బ్లూని పీల్చుకుంటుంది, ఆ పుణ్యం నీ తొక్కల ఖాతాలో పడకుండా, గిరగిర తిప్పి పొడిని అడుక్కి దించే సెంట్రిఫ్యూజ్ వాడు. మలకైట్ గ్రీన్, క్రిస్టల్ వయొలెట్ వాడేవాళ్లకైతే క్షారంలో ఆ రంగులు వాటంతటవే వెలిసిపోతాయి, పీహెచ్ 10 దగ్గర వచ్చిన గొప్ప ఫలితం పొడిది కాదు.

నేను కత్తిరించిన భాగంలో లాంగ్‌మ్యూర్ సమీకరణం (పొడి ఎంత రంగు పట్టుకోగలదో అంచనా కట్టే లెక్క) గురించి కూడా అడిగావు. ఆయన 1918లో ఇచ్చిన ఆ లెక్క ఒకే రకమైన చోట్లు, ఒకే పొర అనే ఊహ మీద నిలబడింది. సీతాఫలం తొక్కకు ఆ ఊహ ఎక్కడ సరిపోతుంది చెప్పు? గీత బాగా కుదిరింది, ఆర్ స్క్వేర్ (గీత ఎంత బాగా కుదిరిందో చెప్పే అంకె) 0.99 వచ్చింది కాబట్టి ఒకే పొర ఏర్పడిందని తేల్చేయకు, రెండు విషయాలకూ సంబంధం లేదు. ఇంకోటి, అందులో వచ్చే గరిష్ఠ సామర్థ్యం నీళ్లలో ఇంకా బోలెడు రంగు మిగిలి ఉన్నప్పటిది. మనకు కావలసింది తేట నీళ్లు, ఆ చివర్లో పొడి పట్టుకునేది చాలా తక్కువ. రంగును పట్టుకునే వేగానికి వాడే సూడో సెకండ్ ఆర్డర్ లెక్క అయితే దేనికైనా కుదురుతుంది, దాని మీద నాలుగు పేజీలు ఖర్చు పెట్టకు.

టైమ్ ఉంటే ఒక్క పని చెయ్యి. ల్యాబ్‌లోనే రియాక్టివ్ రంగు, లీటరుకు 50 గ్రాముల ఉప్పు, సోడా యాష్ కలిపి నకిలీ అద్దకం నీళ్లు తయారుచేసి, ఒక్కోటి తీసేస్తూ చూడు. ఉప్పు వల్ల ఎంత తగ్గింది, పీహెచ్ వల్ల ఎంత తగ్గింది అన్నది విడివిడిగా తేలుతుంది. రొయ్యల పొట్టు నుంచి తీసే కైటోసాన్‌కు పుల్లటి నీళ్లలో ధనావేశం ఉంటుంది, దాన్ని పక్కన పెట్టి పోల్చితే ఇంకా బాగుంటుంది. బొత్తిగా వద్దంటే చివర్లో పరిమితులు అని ఒక పేజీ పెట్టి ఆ 20 శాతం అక్కడ రాసేయి, ఎవరూ కాదనలేరు.

ప్రశ్న: మా రైస్ మిల్లులో బాయిలర్‌కు ఊకే కాలుస్తాం. బూడిద గుట్టలు పడి ఉంది. రంగు తీసే పొడిగా అమ్ముకోవచ్చని ఎవరో చెప్పారు, నిజమేనా? (మిర్యాలగూడ)

జవాబు: సగం నిజం. ఊక కాలితే దాని బరువులో దాదాపు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది, అందులో 85 నుంచి 95 శాతం సిలికానే. రంగును పట్టుకునేది ప్రధానంగా అందులో కాలకుండా మిగిలిన నల్ల కార్బన్. మీ బాయిలర్ బాగా మండి బూడిద తెల్లగా వస్తోందంటే మిల్లుకు మంచిది, రంగు తీయడానికి దాంతో పెద్దగా లాభం లేదు. నల్లగా వస్తుంటే కొంత పనికొస్తుంది. కానీ అది క్షారం, రియాక్టివ్ నీళ్లలో వేస్తే అసలే ఎక్కువున్న పీహెచ్ ఇంకా పైకిపోతుంది, ముందు కడగాలి. మెత్తనిది, దిగడానికి గంటలు పడుతుంది. తేలిక సరుకు కాబట్టి లారీ నిండినా తూకం ఉండదు, మిర్యాలగూడ నుంచి చౌటుప్పల్ దాకా కిరాయి లెక్కేస్తే బేరం ఎక్కడ తెగుతుందో మీకే తెలుస్తుంది.

నన్నడిగితే ఇటుకలకు, సిమెంటుకు ఇచ్చుకోవడమే నయం. అద్దకం వాళ్లెవరైనా కావాలంటే ఒక బస్తా ఉచితంగా ఇచ్చి సీసా పరీక్ష చేయించండి. జల్లించేవాళ్లకు మాత్రం గుడ్డ కాదు, మంచి మాస్కు ఇవ్వండి. మరీ ఎక్కువ వేడిలో కాలిన బూడిదలో సిలికా స్ఫటికంగా మారుతుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు.

ప్రశ్న: ఈ బొగ్గు ఫిల్టర్ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌ను కూడా తీస్తుందా? మా అమ్మ తరం అంతా నడుములు వంగిపోయినవాళ్లే. (మర్రిగూడ)

జవాబు: తీయదు తమ్మీ. మామూలు బొగ్గు ఫ్లోరైడ్‌ను దాదాపు పట్టించుకోదు. దానికి యాక్టివేటెడ్ అల్యూమినా కావాలి, లేదా ఎముకలు కాల్చిన బొగ్గు, లేదా ఆర్వో. బొగ్గు ఫిల్టర్‌లోంచి వచ్చిన నీళ్లు తేటగా, రుచిగా ఉంటాయి, ఫ్లోరైడ్ ఎంతుందో అంతే ఉంటుంది. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. ఎంతుందో పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది, నాలుక చెప్పదు.

పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడ్‌ను దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) తయారుచేసింది, దానికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. గట్టుప్పల్ అన్నకు చెప్పిన పటిక పద్ధతి దీనికి దగ్గరి చుట్టమే. కానీ పటిక మోతాదు తేడా వస్తే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, ఇంట్లో అంచనాగా వేసుకునే పని కాదు. మిషన్ భగీరథ నల్లా వస్తుంటే తాగడానికి, వండడానికి అవే వాడండి, బోరు నీళ్లు మిగతా పనులకు.

ప్రశ్న: మేం తేలియా రుమాళ్లు నేస్తం, అన్నీ సహజ రంగులే. మాకు కూడా ఈ బాధలు ఉంటయా? (పుట్టపాక)

జవాబు: తక్కువ, కానీ లేకుండా పోవు. నువ్వుల నూనె, ఆముదం కాయల బూడిద నీళ్లలో నూలును నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టే మీ పనిలో రోజుల తరబడి వచ్చేది నూనె కలిసిన క్షారపు నీళ్లు. ఇది కుంటలోకి పోతే పైన పొర కట్టి చేపలకు గాలి ఆడదు. దీనికి బొగ్గు తప్పు మందు, నూనె దాని రంధ్రాలను పూసేస్తుంది. ఒక తొట్టిలో నిలబెట్టి పైన తేలిన నూనెను ముంచి తీయండి, సబ్బు చేసేవాళ్లు కూడా తీసుకుంటారు.

ఎర్రరంగుకు అలిజరిన్ పొడి డబ్బాలో కొంటున్నారా? అయితే అది సహజం కాదు. చిరివేరులో, మంజిష్ఠలో ఉండే పదార్థమే అయినా 1868లోనే గ్రేబె, లీబర్మన్ అనే జర్మన్లు దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు, ఇప్పుడు దొరికేది దాదాపు అదే. తప్పని అనడం లేదు, కొనేవాళ్లకు చెప్పేటప్పుడు ఉన్నదున్నట్టు చెప్పండి. నలుపుకు వాడే కరక్కాయ నీళ్లు, ఇనుప నీళ్లు కలిస్తే తయారయ్యేది అచ్చం సిరా, అందుకే మీ మోరి అంత నల్లగా ఉంటుంది. కాస్త సున్నం వేస్తే ఇనుము దిగిపోతుంది, ఆ మిగిలిన గోధుమరంగు టానిన్‌ను బొగ్గు బాగానే పట్టుకుంటుంది. మీలో ఎవరైనా రంగు నూలుకు అంటుకోవడానికి క్రోమ్ మందు వాడుతుంటే మానేయండి, పటికతో ఆ పని జరుగుతుంది.

ప్రశ్న: రంగు పట్టిన బొగ్గును మా ఊళ్లో చేన్లకు తీసుకపోయి చల్లుతున్నరు. బయోచార్ నేలకు మంచిదే అని అంటున్నరు. పత్తికి బలమా? (చండూరు)

జవాబు: కాదు, దయచేసి ఆపించండి. నేలకు మంచిదని చెప్పే బయోచార్ శుభ్రమైన పత్తికట్టె, కంది కట్టె కాల్చింది. ఇది రంగు మోస్తున్న బొగ్గు. పట్టుకు వాడే మెటల్ కాంప్లెక్స్ రంగుల్లో క్రోమియం, కోబాల్ట్ ఉంటాయి, నెమలి నీలం లాంటి టర్కాయిస్ రియాక్టివ్ రంగులో రాగి ఉంటుంది. నీళ్లలోంచి తీసిందంతా ఇప్పుడు ఆ గుప్పెడు బొగ్గులో చిక్కగా ఉంది, దాన్ని చేనులో చల్లితే ఇంత కష్టం ఎందుకు పడ్డట్టు? మోరిలోనే వదిలి ఉండాల్సింది కదా. వాన పడి, నేల పీహెచ్ మారితే పట్టుకున్న రంగును బొగ్గు కొంచెం కొంచెంగా వదులుతుంది కూడా. పొయ్యిలో వేసి కాల్చడం ఇంకా పాపం, ఆ పొగ పీల్చేది వంట చేసేవాళ్లే.

అయితే ఏం చేయాలి? ఎండలో ఆరబెట్టి, మూత ఉన్న డ్రమ్ముల్లో, కింద సిమెంటు గచ్చు పైన రేకు ఉన్న చోట పెట్టాలి. ఇలాంటి వ్యర్థాల కోసం హైదరాబాద్ పక్కన దుండిగల్‌లో ప్రత్యేకమైన చోటు ఉంది. ఇంకో దారి మన జిల్లాల్లోనే ఉంది. వాడపల్లి, మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల కొలిమి 1400 డిగ్రీలు దాటుతుంది, అనుమతి ఉన్న కొలిమిలో ఇలాంటి వ్యర్థాన్ని వాళ్లు వాడే గని బొగ్గుతోపాటు కాల్చేయొచ్చు, రంగు బూడిద కూడా మిగలకుండా క్లింకర్‌లో (సిమెంటుగా నూరే గడ్డల్లో) కలిసిపోతుంది. దేనికైనా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి. రెండు బస్తాలు పట్టుకుని ఒక్క మనిషి పోతే ఎవరూ పలకరు, సొసైటీ పేరుతో ఊరందరి సరుకు ఒకచోట చేర్చి, ఏడాదికోసారి ఒక లారీ పంపేలా మాట్లాడుకోవాలి. ఈ ఏర్పాటు అయ్యాకే బొగ్గు డ్రమ్ము కొనమని నా సలహా, చాలామంది తిరగేసి చేస్తారు.

అదే బొగ్గును మళ్లీ వాడుకోవచ్చా అని ఇంకో ఇద్దరు అడిగారు. ఫ్యాక్టరీ కార్బన్‌ను కొలిమిలో మళ్లీ వేడిచేసి వాడతారు, ప్రతిసారీ కొంత తరుగు పోతుంది. ఇంట్లో కాస్టిక్ సోడాతో కడిగితే యాసిడ్ రంగు కొంత వదులుతుంది కానీ, అప్పుడు చేతిలో మొదటికన్నా చిక్కటి రంగు నీళ్ల బకెట్ ఒకటి మిగులుతుంది. పల్లి పొట్టు బొగ్గుకు ఆ శ్రమ అనవసరం.

ప్రశ్న: కొత్త నారాయణపేట చీర మొదటిసారి ఉతికితే బకెట్ నిండా ఎర్రరంగు దిగింది. ఆ నీళ్లలో కూడా బొగ్గు వేయాలా? తులసి కోటలో పోయొచ్చా? (దేవరకద్ర)

జవాబు: అక్కా, ఒక్క బకెట్‌కు బొగ్గు అక్కర్లేదు, బాత్‌రూమ్ మోరిలో పోసేయండి. తులసికి వద్దు, రంగు కన్నా అందులోని సర్ఫ్ ఎక్కువ చెడ్డది. రంగు ఆగాలని ఉప్పు నీళ్లలో నానబెట్టడం వల్ల ఆ పూటకు దిగడం తగ్గుతుందేమో కానీ, నూలుకు అతుక్కోని రంగు ఎప్పటికైనా బయటికి రావాల్సిందే, కాబట్టి చల్లని నీళ్లలో విడిగా రెండుమూడు సార్లు జాడించేయండి. నాలుగోసారి కూడా అంతే దిగుతుంటే చీర పట్టుకుని దుకాణానికి వెళ్లండి, బిల్లు మర్చిపోకండి.